మంచు కరిగించకండి, సంసారం బాగుపడుతుంది

ఫ్రీజర్‌ను నెలనెలా శుభ్రంగా తుడిచి పెట్టుకునేవాళ్ళంతా తమ కుటుంబానికి తామే తీరని అన్యాయం చేసుకుంటున్నారు! ఈ మాట ఊరికే అనడం లేదు. ఇరవై ఏళ్ళు సంసారం చేసి, అందులో పద్నాలుగేళ్ళు ఒకే ఫ్రిజ్‌తో వేగి, బాగా ఆలోచించి చెబుతున్నాను.

మంచు పేరుకోనివ్వండి. గోడల వెంట, కప్పు వెంట, ట్రేల కింద బెత్తెడు మందాన పేరుకోనివ్వండి. దానివల్ల ఒనగూడే లాభాలు మీకేం తెలుసు?

ఫ్రీజర్ ఖాళీగా ఉంటే మనిషికి దురాశ పుడుతుంది. బఠాణీలు రెండు ప్యాకెట్లు తెద్దామా, మూడు తెద్దామా అనిపిస్తుంది. మా ఫ్రీజర్‌లో ఒకే ఒక్క ఐస్ ట్రే పడుతుంది, అదీ పక్కకి వాల్చి పెడితేనే. దాంతో మా కోరికలు వాటంతటవే తగ్గిపోయాయి. ఎన్ని ధ్యానం క్లాసులకు వెళ్తే వస్తుందండీ ఇంత వైరాగ్యం?

పైగా ఒంటికి వ్యాయామం. మంచు ముందుకు పొడుచుకొచ్చిన తలుపు మామూలుగా తోస్తే పడదు. మా ఆయన భుజంతో తోస్తారు. మా అమ్మాయి వెనక్కి తిరిగి నడుముతో ఒక్క తోపు తోస్తుంది. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి, తలుపు మీద అరచెయ్యి ఆనించి "పడవే తల్లీ" అని బతిమాలతారు. అది ఆవిడ మాట మీద గౌరవంతో పడ్డట్టే పడి, ఆవిడ అటు తిరగ్గానే మళ్ళీ వేలెడు తెరుచుకుంటుంది.

ఇక చల్లదనం పెంచి తగ్గించే లోపలి చక్రం సంగతి. దాని మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలుంటాయి. ఏడు మీద ఉంటే కరెంటు ఊరికే కాలిపోతుందని అత్తగారు తెల్లారగానే ఒకటికి తిప్పుతారు. ఐస్‌క్రీమ్ కారిపోతోందని అమ్మాయి కాలేజీ నుంచి రాగానే ఏడుకు తిప్పుతుంది. స్టవ్వుకు లాగే దీనికీ అంకె పెరిగితే వేడి పెరుగుతుందని మా ఆయన గట్టి నమ్మకం. అందుకని ఆఫీసు నుంచి వచ్చి, బాగా చల్లబడాలని భద్రంగా ఒకటికి తెస్తారు. పడుకోబోయే ముందు అమ్మాయి మళ్ళీ ఏడు! అంతా ఒకరికి తెలియకుండా ఒకరు. చివరికి ముగ్గురూ కలిసి "ఈ ఫ్రిజ్ మొండికేస్తోంది" అని తీర్మానించారు. పాపం, దాని స్థానంలో నేనుంటే ఎప్పుడో పుట్టింటికి వెళ్ళిపోయేదాన్ని.

నిజం చెప్పొద్దూ, ఈ లాభాలేవీ మొదట్లో నాకూ కనపడలేదు. "ఫ్రీజర్ కరిగించాలి, కాస్త ఎవరైనా సాయం రండి" అని రెండు నెలల్లో పదకొండుసార్లు అడిగాను. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "చేద్దాం, చేద్దాం" అన్నారు. అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ తియ్యకుండా బొటనవేలు పైకెత్తి చూపించింది. అత్తగారు మాత్రం పూర్తిగా నా పక్షమే. "పాపం, ఒక్కదానివి ఎన్నని చేస్తావమ్మా" అని నిట్టూర్చి, టీవీ సౌండు పెంచారు.

నేనడిగిందల్లా ఒక్క ఆదివారం, ఒక్క పని, నలుగురం కలిసి చెయ్యడం. అదేమన్నా గొంతెమ్మ కోరికా? పదకొండోసారి తర్వాత అడగడమూ మానేశాను, కరిగించడమూ మానేశాను. అప్పుడు జరిగింది అద్భుతం!

మొన్న ఆదివారం పొద్దున చక్రం ఒకటి మీద ఉంది, తలుపు వేలెడు తెరుచుకునే ఉంది. లోపలి మంచు కరగడం మొదలెట్టింది. నీళ్ళు వంటగది దాటి, గడప దాటి, హాల్లో మా ఆయన కుర్చీ కిందికి చేరాయి. ఆయన అరికాలు తడిసింది. పదకొండుసార్లు నా నోరు చెయ్యలేని పని ఆ తడి ఒక్క క్షణంలో చేసింది.

"అయ్యయ్యో! ఇల్లు మునిగిపోతోందే!" అంటూ ఆయన పరుగెత్తుకొచ్చారు. ఆయన వెనక అమ్మాయి, అమ్మాయి వెనక అత్తగారు. నేను వంటింట్లో ఓ కుర్చీ లాక్కుని, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత మూడు గంటలు మా ఇల్లు చూసి తీరాల్సిందే. మా ఆయన ప్లగ్గు పీకి, స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చారు.

"పొడవకండి! లోపల గ్యాసు పైపులుంటాయి. చిల్లు పడిందంటే ఫ్రిజ్ ఇక పనికిరాదు" అని కూర్చున్న చోటి నుంచే అరిచాను.

"మరెలాగోయ్?" అన్నారు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా జవాబు కోసం నిజంగా ఎదురుచూస్తూ.

గిన్నెలో వేడినీళ్ళు పోసి లోపల పెట్టి, తలుపు బార్లా తీసి ఉంచమన్నాను. అమ్మాయి పాత తువ్వాళ్ళు పరిచి, పిండి, మళ్ళీ పరిచింది. అత్తగారు పీట వేసుకుని, మంచులోంచి బయటపడ్డవాటిని ఒక్కొక్కటే తుడుస్తూ "ఇదేమిటమ్మా, నిమ్మకాయా, పిల్ల ఆడుకున్న బంతా?" అని అడిగితే అందరం పడీ పడీ నవ్వాం. మా ఆయన టీ పెట్టి నా చేతికిచ్చారు. చక్కెర వెయ్యడం మరిచిపోయారు. అయినా మొత్తం తాగేశాను. నాకెంత సంతోషంగా ఉందంటే, ఆ మంచు ఇంకో గంటసేపు కరగకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

ఇప్పుడు చెప్పండి, తళతళలాడే ఫ్రీజర్ ఏనాడైనా ఒక కుటుంబాన్ని ఇలా ఒక్కచోటికి చేర్చిందా?

మధ్యాహ్నం, మా ఆయన ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. తలుపు రబ్బరు దగ్గర ఒక కాగితం ముక్క పెట్టి, తలుపు వేసి, ఆ కాగితాన్ని లాగాడు. సులువుగా జారి వచ్చేసింది. రబ్బరు మడతల్లో పేరుకున్న జిడ్డంతా గోరువెచ్చటి సబ్బునీళ్ళతో తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టి లాగాడు. ఈసారి కాగితం చిరిగింది కానీ రాలేదు. మేం నలుగురం చప్పట్లు కొట్టాం.

"దీనికి రోగమేం లేదమ్మా" అన్నాడు, చక్రం గురించి మా ఆయన చెప్పిందంతా విని. "రబ్బరు తుడుచుకుంటూ ఉండాలి. చక్రం నాలుగు మీద పెట్టి ఇక ముట్టుకోకూడదు. ఏడంటే ఎక్కువ చల్లదనం సార్, వేడి కాదు. మంచు పావంగుళం పట్టగానే కరిగించెయ్యాలి, పెద్ద పనేం కాదు. ఇంతకీ ఈ ఇంట్లో ఇవన్నీ ఎవరు చూసుకుంటారు?"

మూడు చేతులు లేచాయి. మూడు వేళ్ళూ నావైపే చూపించాయి. ఆ వేళ్ళ నుంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

రెండు నిమిషాల్లో ఆయన పేపర్లోకి, అమ్మాయి ఫోన్‌లోకి, అత్తగారు టీవీలోకి వెళ్ళిపోయారు. ఫ్రిజ్ బుద్ధిగా చల్లబడుతోంది. తలుపు చిటికెనవేలితో తోసినా పడుతోంది. ఇక వంటగదిలోకి ఎవరూ రావలసిన అవసరమే లేదు.

మెకానిక్ సంచీ సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా అడిగాను.

"బాబూ, వాషింగ్ మెషిన్ నీళ్ళు హాలు దాకా రావాలంటే ఏ గొట్టం వదులు చెయ్యాలి?"