మిఠాయి చరిత్రకు శాంపిళ్ళు

ఆలేరులో ఏ వీధిలో ఎవరింట్లో పాకం పట్టినా, ఆ ఇంటివాళ్ళ కన్నా ముందు మా వెంకటనర్సుకు తెలిసేది. విత్తనాల దుకాణంలో గుమాస్తా. మనిషి నెమ్మది, మాట మెత్తన, ముక్కు మాత్రం మహా చురుకు. దుకాణంలో అందరూ ఆయన్ని ‘పాకం నర్సు’ అనేవారు. ఆయనకు అది బిరుదులాగే వినిపించేది.

అలాంటి మనిషికి దవాఖానలో రక్తపరీక్ష చేసి, షుగర్ బార్డర్‌లో ఉందన్నాడు డాక్టరు.

నర్సు ఇంటికొచ్చి ఆ సంగతిని శుభవార్తలా చెప్పాడు.

“బార్డర్ల ఉన్నదంట వసంతా. అంటే ఇంక మన దిక్కే ఉన్నట్టు.”

భార్య వసంతలక్ష్మి మగ్గం మీద ఉంది. ఇక్కత్ చీరలు నేయడంలో ఆమె చేతికి పేరుంది. పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆపకుండానే జవాబు చెప్పింది.

“నా చీరె బార్డర్ తప్పితే సేటు వాపసు పంపుతడు. నీ బార్డర్ తప్పితే నిన్నెవరికి వాపసు పంపాలె? మీ అవ్వ గూడ తీస్కోదు.”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తీపికి నిషేధం. చక్కెర డబ్బాలో ఉప్పు చేరింది, ఉప్పు డబ్బాలో పసుపు చేరింది, బెల్లం ఏ డబ్బాలో చేరిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నర్సు వెతికి వెతికి, చివరికి దగ్గు లేకుండానే దగ్గు మందు తాగబోయి పట్టుబడ్డాడు.

“దగ్గొస్తదేమోనని ముందుగాలనే…” అన్నాడు.

“కాలు ఇరుగుతదేమోనని ముందుగాలనే పట్టీ గూడ కట్టియ్యాల్నా?” అంది వసంతలక్ష్మి.

అటువంటి కరువు రోజుల్లో, ఒక సాయంత్రం వాళ్ళ కూతురు అఖిల బడి నుంచి మూతి ముడుచుకుని వచ్చింది. ఆరో తరగతి. వాళ్ళ బడిలో నెలకో శనివారం ఎవరో ఒకరి తండ్రో తల్లో వచ్చి, తమకు బాగా తెలిసిన సంగతి పిల్లలకు చెప్పాలి. కిందటి నెల భాగ్యశ్రీ వాళ్ళ నాయన జానయ్య ఉన్ని గురించి చెప్పడానికి చంకలో గొర్రెపిల్లను పెట్టుకుని వచ్చాడు. ఉన్ని గురించి ఏం చెప్పాడో ఒక్కరికీ గుర్తులేదు. గొర్రెపిల్ల కోమల టీచరు కొంగు నమిలిన సంగతి మాత్రం బడంతా చెప్పుకుంటోంది. అప్పటి నుంచి తరగతికి భాగ్యశ్రీయే మహారాణి.

“బాపు, ఈ నెల నువ్వు రావాలె. గొర్రెపిల్ల కన్న మంచిగ చెప్పాలె” అంది అఖిల.

“ఏం చెప్పమంటవ్ బిడ్డా?”

“నీకు అన్నిట్ల కన్న ఏం బాగ తెలుసు?”

నర్సు ఆలోచించాడు. విత్తనాల గురించి చెప్పవచ్చు. కానీ విత్తనాలు నమలడానికి బాగుండవు. ఆ ఆలోచన దగ్గరే ఆయన ముఖం వెలిగిపోయింది.

“మిఠాయి! మిఠాయి ఎట్ల పుట్టింది, ఏ దేశం పోయింది, ఏ పేరు పెట్టుకున్నది, అంత చెప్త. కని ఒట్టి మాటలు చెప్తే పిల్లలకు సమజ్ కాదు. శాంపిళ్ళు ఉండాలె.”

నాడె ఆగింది. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిందంటే వాన మబ్బు పట్టినట్టే.

“శాంపిళ్ళా?”

“పిల్లలకే వసంతా! నాకెందుకు?”

“మంచిగున్నయో లేవో ముందుగాల ఎవరు సూస్తరు?”

“అంటే… ఎవరన్న బాధ్యత గల పెద్దమనిషి…”

“మనింట్ల ఉన్నడా గసుంటోడు?”

అఖిల తల్లి వైపు చూసింది. వసంతలక్ష్మి కాసేపు కూతురి ముఖమే చూసి, మళ్ళీ నాడె అందుకుంది.

“సరే. బయటి రంగుల మిఠాయిలొద్దు. ఇంట్ల అయ్యేటియి బెల్లం పెట్టి నేనే చేస్త, తక్కినయి నేనే తెస్త.”

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానపడాలి. ఇన్నేళ్ళ కాపురంలో నర్సు ఆ సంగతి నేర్చుకునే ఉండాలి. కానీ బెల్లం మాట చెవిన పడ్డాక ఆయనకు ఇంకేమీ గుర్తుండదు.

వారమంతా ఫోనులో చదివి, మగ్గం ముందు నిలబడి పాఠం అప్పజెప్పాడు.

“వేల యేండ్ల కింద చక్కెర లేదు. తేనె ఒక్కటే. ఈజిప్టోళ్ళు తేనెల నువ్వులు, ఎండు పండ్లు కలిపి ముద్దలు చేసెటోళ్ళు…” అని ఆగి గుటక మింగాడు. “ఈడ ఒక్క నువ్వులుండ నోట్లె ఏసుకుంటే ఊపొస్తది.”

“ఊపుకు మంచినీళ్ళు తాగు” అనేది వసంతలక్ష్మి.

చెరుకు దగ్గర ఒక చెంబు, బెల్లం దగ్గర ఒక చెంబు, కలకండ దగ్గర ఒక చెంబు. మిఠాయి చరిత్ర ఐరోపా చేరేసరికి నర్సు పెరట్లోకి పరుగెత్తేవాడు. ఆయన తిరిగి వచ్చి ఎక్కడ ఆపానో మర్చిపోతే, చాపమీద బోర్లా పడుకుని వింటున్న అఖిల అందించేది.

శనివారం రానే వచ్చింది. వసంతలక్ష్మి స్టీలు డబ్బాకు గుడ్డ చుట్టి మొగుడి చేతిలో పెట్టింది.

“పిల్లలవి. నడుమల ఇప్పొద్దు.”

“నేనా? ఇప్పుతనా?” అని నొచ్చుకున్నాడు నర్సు. ఆమె చేతిలో ఒక గుడ్డ సంచి కనిపించింది. “అండ్ల ఏమున్నది?”

“నూలు” అని, కూతురితో కలిసి ఆటో ఎక్కింది.

నర్సు డబ్బాను బండి ట్యాంకు మీద పెట్టుకుని బయలుదేరాడు. వేడికి బెల్లం వాసన, యాలకుల వాసన లేచి నేరుగా ఆయన ముఖానికి తగులుతున్నాయి. అయినా ఓర్చుకున్నాడు. రైలు గేటు దాకా ఓర్చుకున్నాడు. ఆ గేటు పడకపోతే ఈ కథ ఇంకోలా ఉండేదేమో.

గేటు పడింది. వచ్చింది గూడ్సు బండి. డబ్బాలు లెక్కపెట్టి విసిగిపోయిన నర్సు కన్ను ముందున్న డబ్బా మీద పడింది. ‘పసిపిల్లలు తినేది. మంచిగున్నయో లేవో సూడకుండ పెడితే పాపం గాదూ?’ అని తన తరపున తానే వాదించుకున్నాడు, తీర్పు కూడా తానే చెప్పేశాడు. మూత తీశాడు. నల్లగా, నిగనిగలాడుతూ బెల్లం పాకం ముక్కలు. ఒకటి నోట్లో పడింది. కళ్ళు మూతపడ్డాయి. గూడ్సు ఇంకా పోతూనే ఉంది. ఇంకొకటి కూడా వేసుకుని, రెంటినీ కలిపి ఆనందంగా గట్టిగా కొరికాడు.

రైలు పోయింది. గేటు లేచింది. నర్సు పై దవడ మాత్రం కింది దవడ మీద నుంచి లేవలేదు.

వేలు పెట్టి చూశాడు. నాలుకతో నెట్టాడు. పాకం ఎక్కడికక్కడ బిగుసుకుంది. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతుంటే, నోరు మూసుకునే బడికి చేరాడు.

తరగతి నిండా పిల్లలు. వెనక బల్ల మీద ఒళ్ళో సంచితో వసంతలక్ష్మి. ముందు వరసలో అఖిల. “మా బాపు సురువు చేస్తే ఆగడు” అని పొద్దుటి నుంచి అందరికీ చెప్పి పెట్టింది.

“చెప్పున్రి సార్” అంది కోమల టీచరు.

“మ్మ్” అన్నాడు నర్సు, డబ్బాను బల్ల మీద పెడుతూ.

“జర గట్టిగ చెప్పున్రి. ఎనుక పిల్లలకు ఇనబడ్తలేదు.”

“మ్మ్మ్మ్!”

సాయి అనే పిల్లవాడు లేచాడు. “టీచర్, అంకుల్‌కు ఈ రోజు మౌనవ్రతమా?”

తరగతి గొల్లుమంది. భాగ్యశ్రీ పక్కనున్న అమ్మాయి చెవిలో ఏదో అని కిసుక్కున నవ్వింది. అఖిల నవ్వలేదు. కింది పెదవి కొరుక్కుంటూ తండ్రినే చూస్తోంది. ఆ కళ్ళలో నీళ్ళు తిరగడం నర్సు చూశాడు.

ఇక సిగ్గు విడిచాడు. చేతులు రెండూ రెక్కల్లా ఆడిస్తూ, “మ్మ్మ్మ్…” అని తరగతంతా చుట్టాడు.

“ఇమానం!” అన్నారు పిల్లలు.

“దోమ!” అన్నాడు సాయి.

అఖిల చటుక్కున లేచి నిలబడింది. “తేనెటీగ! గది పాఠంల మొదాలు! వేల యేండ్ల కింద చక్కెర లేకుండె. తేనె ఒక్కటే ఉండె. ఈజిప్టుల తేనెల నువ్వులు కలిపి ముద్దలు చేసెటోళ్ళు.”

నర్సు సంతోషంతో చప్పట్లు కొట్టాడు. వెనక నుంచి వసంతలక్ష్మి లేచి, సంచిలోంచి తేనె కలిపిన నువ్వులుండలు తీసి పిల్లలకు పంచింది.

నర్సు చేతులు గాలిలోనే ఆగిపోయాయి. డబ్బా బల్ల మీదే ఉంది. మరి అవెక్కడివి? అడుగుదామంటే నోరు లేదు.

పిల్లలు కేకలు వేస్తున్నారు, ఆగడానికి వీల్లేదు. లేని చెరుకుగడను పళ్ళతో చీల్చాడు, లేని పెనంలో రసం కాచాడు. అఖిల గొంతు పెరుగుతోంది.

“చెరుకు రసం కాచి గట్టి చక్కెర చేసుడు ముందుగాల మన దేశంలనే నేర్చుకున్నరు. గట్టి చక్కెర ముక్కను ఖండం అనెటోళ్ళు. కలకండల కూడ గదే ఉన్నది.”

కలకండ పలుకులు పంచింది తల్లి. నర్సు ఒంటె అయ్యాడు. వీపు వంచి, మెడ చాచి నడిచాడు.

“మా గొర్రె!” అంది భాగ్యశ్రీ.

“ఒంటె!” అంది అఖిల. “మన ఖండం పర్షియా పోయి కంద్ అయింది, అరబ్బుల నోట్ల కందీ అయింది, ఇంగ్లీషోళ్ళ దగ్గరికి పోయి క్యాండీ అయింది.”

“అంటే ఇంగ్లీషోళ్ళు మన పేరు ఎత్తుకపోయిన్రా?” అన్నాడు సాయి.

“తిన్నరు గద. తిన్నంక పేరు గూడ అంటుకున్నది.”

నర్సు గుండె పట్టుకుని దగ్గాడు. అది ఐరోపా. అక్కడ మొదట్లో చక్కెర మహా ఖరీదనీ, మిఠాయిని మందుల దుకాణాల్లో దగ్గుకూ అజీర్తికీ అమ్మేవాళ్ళనీ అఖిల చెప్పింది. అల్లం మురబ్బా వచ్చింది. ఈ లెక్కన తాను ఐరోపాలో పుట్టి ఉంటే డాక్టరే చీటీ రాసి మిఠాయి ఇచ్చేవాడు కదా అని నర్సుకు దిగులేసింది.

“ఆఖరికి పీచు మిఠాయి! దాని మిషిన్ తయారు చేసిందెవరో ఎరికేనా? అమెరికల ఒక మిఠాయిలాయన, ఇంకొకాయన. ఆ ఇంకొకాయన పండ్ల డాక్టరు!” అంది అఖిల, తన పన్ను వేలితో చూపిస్తూ.

సాయి వెంటనే అందుకున్నాడు. “మస్తు తెలివి! పండ్లు పాడైతే మళ్ళ ఆయన దగ్గరికే పోవాలె!”

తరగతి విరగబడి నవ్వింది. టీచరు నవ్వింది. నర్సు కూడా ఆపుకోలేక పకపకా నవ్వబోయాడు. ‘టక్’మని చప్పుడైంది. పాకం ముద్ద నోట్లోంచి ఎగిరి బల్ల మీద పడింది. దానికి అతుక్కుని తళతళా మెరుస్తోంది, కిందటేడు వెనక పంటికి వేయించుకున్న తొడుగు.

సాయి వంగి చూశాడు. “అరె! మిఠాయిల గిఫ్ట్ ఎల్లింది!”

అంతే. “నాకు గూడ గిఫ్ట్‌దే కావాలె!” అంటూ పిల్లలంతా డబ్బా మీద పడ్డారు. బల్ల ఒరిగింది. టీచరు “కూసోన్రి! కూసోన్రి!” అని అరుస్తూ తానే కుర్చీ ఎక్కి నిలబడింది. వసంతలక్ష్మి డబ్బాను లాక్కుని కొంగులో దాచి, సంచిలో చేతికందిన పీచు మిఠాయి పొట్లాలన్నీ పిల్లల మీదికి వదిలింది. అప్పుడు గానీ శాంతి కలగలేదు.

బడి వదిలాక భాగ్యశ్రీ స్వయంగా అఖిల దగ్గరికి వచ్చింది.

“మీ బాపు మా గొర్రెపిల్ల కన్న మస్తున్నడే” అంది.

అఖిల ముఖం పూర్ణిమ చంద్రుడైంది. వరండాలో చేతిరుమాలులో తొడుగు మూట కట్టుకుంటున్న నర్సు, ఆ పొగడ్తకు వినయంగా తల ఊపాడు. పిల్లలు దూరంగా వెళ్ళాక భార్య దగ్గరికి జరిగాడు.

“సంచిల నూలన్నవు గద?”

“నువ్వు శాంపిళ్ళన్నవు గద?”

“మరి డబ్బల?”

“అన్నీ గవే. అడుగు దాంక గట్టి పాకమే. ఏడ ఇప్పుతవో తెల్వది గని, ఇప్పుతవని తెలుసు.”

“పిల్ల ఇజ్జతు పోతుండె గదనే!”

“పిల్లకు పాఠమంత నోటికొచ్చు. నువ్వు మర్సిన కాడల్లా అందిచ్చింది అదే గద వారమంత. అయినా సెప్పాలె గని, తేనెటీగ మంచిగ ఏసినవ్.”

ఆ మెచ్చుకోలు విని నర్సు కొంచెం తేరుకున్నాడు. “ఒకవేళ నేను ఇప్పకపోతే ఏం చేద్దువు?”

వసంతలక్ష్మి కొంగు ముడి విప్పింది. అందులో కలకండ పలుకు ఒకటి, ఎండకు వజ్రంలా మెరిసింది.

“ఇప్పకుండ తెస్తే ఇది నీకే ఇద్దామనుకున్న. చిన్నదే గద, ఏం కాదని.”

నర్సు చెయ్యి దానంతట అదే ముందుకు వచ్చింది. పలుకు ఆ చేతిని దాటి, పరుగెత్తుకుంటూ వచ్చిన అఖిల నోట్లో పడింది.

“నీకొద్దు బాపు, నీకు బార్డర్ ఉన్నది” అంది అఖిల బుగ్గలోంచి.

ఖాళీ చెయ్యిని ఏం చేయాలో తోచక, నర్సు దాంతో కూతురి తల నిమిరాడు.

“బాపు, టీచర్ నిన్ను మళ్ళ రమ్మన్నది! ఈ సారి దేని గురించి చెప్తవ్?”

తీపి దారి మూసుకుపోయింది. ఉన్నట్టుండి నర్సు కళ్ళు మళ్ళీ మెరిశాయి.

“ఉప్పు గురించి చెప్త బిడ్డా. ఉప్పు ఎట్ల పుట్టింది, ఆవకాయలకు ఎట్ల పోయింది, అప్పడాలకు ఎట్ల…”

“ముందుగాల పోయి బీపీ సూపించుకొని రా” అంది వసంతలక్ష్మి, ఆటోను పిలుస్తూ.