గిటారుకు గంధం బొట్టు

దసరా పొద్దున దీప వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేసి, పదింటికి మడికొండలోని తమ కాలనీ హాల్లో జరిగే దసరా పూజలో ఎలక్ట్రిక్ గిటారు మీద ఒక్క పాట వాయించి, కాలనీ అధ్యక్షుడు రాజేశ్వర్ రావు నోరు మూయించాలి. "ఒక్క పాటకు చాన్స్ ఇస్తాన. మంచిగ లేకుంటే ఇగ హాల్ల నీ ప్రాక్టీసు బంద్" అని ఆయన పదిమందిలో ప్రకటించాడు. "ఎట్ల బంద్ చేస్తరో నేనూ చూస్త అంకుల్" అని దీప కూడా పదిమందిలోనే అంది.

ఆమె తల ఆరబెట్టుకుంటుండగా తాత వెంకట్రాజం ఆయుధ పూజకు దిగాడు. హనుమకొండలో నలభై ఏళ్లు స్టీలు సామాన్ల దుకాణం నడిపిన మనిషి. దసరా నాడు దుకాణంలో తూకమేసే తరాజు, స్కూటరు, మిక్సీ, ఆఖరికి టీవీ రిమోటుకు కూడా బొట్టు పెట్టనిదే చాయ్ ముట్టడు. గిటారును వదులుతాడా? దాని మీద సౌండు, టోను మార్చే నాబ్‌లకు చిక్కటి గంధం పట్టించి కుంకుమ అద్దాడు. బొట్లు వంకరగా కనిపించేసరికి ఆయనకు మనసొప్పలేదు. నాబ్‌లు ఒక్కొక్కటే తిప్పి బొట్లన్నీ నిటారుగా నిలబెట్టాడు. పక్కనున్న స్విచ్‌ను పైకెత్తి పసుపు దారంతో గట్టిగా కట్టేశాడు. "ఇగ జూడు, ఎంత కళ వచ్చిందో!" అని మురిసిపోతూ గిటారు పెట్టె మూశాడు.

గిటారుకు తీగల చప్పుడును పట్టే పికప్‌లు రెండు. స్విచ్ పైకెత్తితే ముద్ద గొంతు, కిందికి దించితే పదును గొంతు. దీప ముందురోజే స్విచ్ దించి, పదును పెంచే టోన్ నాబ్ మొత్తం తెరిచి పెట్టుకుంది. హాల్లో బొట్లు చూసి కళ్లకద్దుకుందే తప్ప అనుమానపడలేదు. తీగ మీటింది. దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టు బుంబుంమంది.

"గిటార్ ఖరాబైనట్టుందే" అంది స్నేహితురాలు భవాని.

"నా గిటార్‌కు ఏ రోగం లేదు! వైరు మార్చు."

వైరు మార్చారు. బుంబుం. గిటారు తగిలించిన స్పీకరు పెట్టె, ఆంప్ సౌండు మొత్తం పెంచారు. ఇంకాస్త పెద్ద బుంబుం. పూజ చేయించడానికి వచ్చిన పంతులుగారి మైకు పీకి, హాలు పెద్ద స్పీకర్లకే తగిలించారు. ప్లగ్గు చాలక ఫ్యాన్లు కూడా ఆపారు. చెమటలు కక్కుతూ, కొట్టబోయే కొబ్బరికాయ చేతిలో పట్టుకుని రాజేశ్వర్ రావు లేచాడు.

"ఇది పాటనా, బర్రె అరుపా? చాలు, దిగు బిడ్డా!"

దీపకు ఒళ్లు మండిపోయింది. "దిగ! ఒక్క పాట అన్నరు. అయ్యేదాక దిగ!"

కోపంతో తీగల మీద చెయ్యి విసిరేసరికి దారం పుటుక్కున తెగింది. అప్పుడు చూసింది, పైకెత్తి ఉన్న స్విచ్‌ను. "తాతా!" అని పళ్లు కొరికి, స్విచ్ కిందికి దించి, ఎండిన గంధాన్ని గోటితో గీకి, టోన్ నాబ్‌ను ఆ చివరికి తిప్పింది. పెద్ద స్పీకర్లలో సౌండు మొత్తం పెంచి ఉందని మాత్రం గుర్తురాలేదు.

తీగ కెవ్వుమంది. కిటికీల్లోని పావురాలన్నీ లేచిపోయాయి. రాజేశ్వర్ రావు ఎగిరిపడ్డాడు. చేతిలోని కొబ్బరికాయ జారి, నేలకు తగిలి, రెండు సమానమైన చెక్కలైంది.

"ఏటా ఏడెనిమిది దెబ్బలు కావాలి. ఇంత శుభంగా ఎప్పుడూ పగల్లేదు!" అన్నారు పంతులుగారు, చెవులు మూసుకునే.

హాలంతా చప్పట్లు. ఎవరి అనుమతీ అడగకుండా దీప తలెత్తుకుని పాట పూర్తి చేసింది. రాజేశ్వర్ రావు కొబ్బరి చెక్కలు ఏరుకుంటూ, "ప్రాక్టీసు చేసుకో. వచ్చేయేడు గూడ కాయ కొట్టే టైముకే వాయించాలె" అని గొణిగాడు.

జనంలో కూర్చున్న తాత కళ్లు తుడుచుకున్నాడు. "చూసినవా బిడ్డా? పూజ చేసినంకనే దాని గొంతు లేచింది!"

మరుసటి దసరాకు దీప ముందురోజే గిటారును బీరువాలో పెట్టి తాళం వేసింది. తాత తాళం రంధ్రం నిండా గంధం మెత్తి, దాని మీద నిటారుగా బొట్టు పెట్టాడు.