నలుగురు పోలయ్యలు, ఒక నేరేడు నీడ

ఒక పెద్ద అడవిలో జంతువులు ఎక్కువ, పేర్లు తక్కువ. అందులోనూ పోలయ్య అనే పేరు మరీ ఎక్కువ.

దానికో కారణం ఉంది. ఒక ఏడు వాగు పొంగి అడవి సగం మునిగింది. అప్పుడు పోలయ్య అనే ముసలి ఏనుగు నీళ్ళలో నిలబడి, కొట్టుకుపోతున్న పిల్లల్ని ఒక్కొక్కరినే తొండంతో తీసి గట్టున పెట్టాడు. బిడ్డ దక్కిన ప్రతి తల్లీ ఆ బిడ్డకి పోలయ్య అనే పేరు పెట్టుకుంది. అడవిదున్న పెట్టుకుంది. ఎలుగుబంటి పెట్టుకుంది. కప్ప కూడా పెట్టుకుంది. కప్పపిల్ల నీళ్ళలో మునగడమేమిటని ఎవరూ అడగలేదు, అడిగే సమయం కాదది.

నక్కల కాపురం మాత్రం కొండ మీద. వాళ్ళ గుమ్మంలోకి చుక్క నీరు రాలేదు. అయినా అందరూ పెడుతున్నారు కదా, మనం పెట్టకపోతే ఏమనుకుంటారో అని నక్క కూడా తన కొడుక్కి పోలయ్య అనే పెట్టింది.

పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారు. ఎలుగుబంటి పోలయ్య వైద్యం నేర్చాడు. విరేచనాలకి వేరు, దగ్గుకి తేనె, దెబ్బకి ఆకు పసరు. కప్ప పోలయ్య పాటగాడయ్యాడు. తొలకరి పడిందంటే అడవంతా అతని పాట వినాల్సిందే. వద్దన్నా వినిపిస్తుంది. నక్క పోలయ్య సభలో మెంబరయ్యాడు. ఆయనేం చేస్తాడని ఎవరినడిగినా మెంబరని చెప్పేవారు గానీ ఏం చేస్తాడో చెప్పేవారు కాదు.

అడవిదున్న పోలయ్య వానాకాలం నాలుగు నెలలూ వాగు రేవులో అడ్డంగా నిలబడేవాడు. కుందేళ్ళూ ముంగిసలూ ఉడతలూ అతని వీపు మీదుగా నడిచి అవతలి గట్టుకి పోయేవి. ఎండాకాలంలో గడ్డి తినేవాడు. అంతే అతని కథ.

ఆ అడవికి రాజు సింహం. ఆయన మంచివాడే, కాకపోతే నిద్ర ఎక్కువ. ఎవరేం మంచి పని చేసినా, ఎవరి మీద ఏం ఫిర్యాదు వచ్చినా ఒక రిజిస్టర్లో రాయించేవాడు. రాసేది ముళ్ళపంది మంగాయమ్మ. తన వీపు మీది ముల్లు తనే పీక్కుని దానితోనే రాసేది కాబట్టి ఒక్క మాట కూడా ఎక్కువ రాసేది కాదు.

మొదట్లో పేరు పక్కన జాతి కూడా రాసేవాళ్ళు. మా జాతి ముందు రాయాలంటే మా జాతి ముందు రాయాలని తోడేళ్ళూ అడవిపందులూ కొట్టుకున్నాయి. సింహానికి నిద్ర చెడింది.

"మన అడవిలో అందరూ సమానమే. ఇకనుంచి పేరు తప్ప ఇంకేమీ రాయొద్దు," అని ఆర్డరేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మంగాయమ్మ కొట్టింది. ఎన్ని ముళ్ళు మిగిలాయో ఆమెకే తెలుసు.

ఇలా ఉండగా ఒకరోజు కాకి అడవంతా తిరుగుతూ చాటింపు వేసింది. రిజిస్టర్లో ఎవరి పేరున మంచి పనులు ఎక్కువున్నాయో వాళ్ళకి మడుగు పక్కన నేరేడు చెట్టు నీడ ఇస్తారట. జీవితాంతం వాళ్ళదే. అక్కడ పడుకుంటే రాజు వచ్చినా లేపకూడదట.

అడవిదున్న భార్య గున్నమ్మ ఈ మాట వినగానే మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, విన్నావా?"

"విన్నాలే."

"వినీ అలాగే పడుకున్నావా? లే. ఆఫీసుకి పోయి చెప్పుకో."

"ఏమని చెప్పుకునేది? నేను రేవులో నిలబడ్డానండీ అనా? నిలబడటం కూడా ఒక పనేనటే?"

"పని కాకపోతే నీ మోకాళ్ళెందుకు అలా గుమ్మడికాయలైనాయి?"

దున్న తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. ఇరవై వానాకాలాలు చల్లటి నీళ్ళలో నిలబడి అతని మోకాళ్ళు పోయాయి. వాళ్ళుండేది కొండవాలున. పొద్దున నీళ్ళకి దిగితే తిరిగి ఎక్కేసరికి మధ్యాహ్నమయ్యేది. గున్నమ్మ వెనక నుంచి నుదురు ఆనించి నెట్టుకుంటూ వచ్చేది. వచ్చే ఎండాకాలానికి ఇంక ఎక్కలేడని ఇద్దరికీ తెలుసు. ఎక్కలేకపోతే గడ్డీ ఉండదు, దిగలేకపోతే నీళ్ళూ ఉండవు. నేరేడు చెట్టు కింద అయితే పడుకున్నచోటే రెండూ అందుతాయి.

"సరే పద," అన్నాడు దున్న.

ఆఫీసులో మంగాయమ్మ రిజిస్టరు తీసి చూసింది.

"పోలయ్య... పోలయ్య... అబ్బో! అడవిలో ఎవరికీ లేనన్ని ఉన్నాయి నీ పేరున. రేవు దాటించుట, పోలయ్య. విరేచనాలు కట్టించుట, పోలయ్య. పాట పాడుట, పోలయ్య."

"నేను విరేచనాలు కట్టించలేదమ్మా," అన్నాడు దున్న.

"అది నాకెలా తెలుస్తుంది? ఇక్కడ పేరే ఉంది. నీకంటే ముందు ఇంకో పోలయ్య వచ్చి ఇవన్నీ నావేనని అర్జీ పెట్టి వెళ్ళాడు."

"ఎవరూ?" అంది గున్నమ్మ.

"మెంబరు గారు."

అప్పటికే నక్క పోలయ్య ఎలుగుబంటి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. కప్పని కూడా అక్కడికే పిలిపించాడు.

"చూడు బావా," అన్నాడు నక్క ఎలుగుబంటితో. "నీ పనులు నువ్వు చూపిస్తే నీ లెక్క తక్కువవుతుంది. కప్ప తమ్ముడివి విడిగా చూపిస్తే అసలు లెక్కలోకే రావు. మనం విడివిడిగా పోతే తోడేలు గెలుస్తాడు. అందుకని అన్నీ నావేనని నేనంటాను, మీరు నోరెత్తకండి. నీడ రాగానే ముగ్గురం పంచుకుందాం."

"నా పాట నాది కాదని నేనెలా ఊరుకోను?" అన్నాడు కప్ప. బుగ్గలు రెండూ ఉబ్బాయి.

"ఊరుకుంటే మడుగు గట్టునే కచేరీ. ఎంతసేపైనా పాడుకో, లేచి పొమ్మనేవాడుండడు."

కప్ప బుగ్గలు దిగాయి.

"మరి దున్న?" అన్నాడు ఎలుగుబంటి.

"వాడు మాటకారి కాదులే."

మర్నాడు ఉదయం సభ. సింహం ఆవలించి అడిగాడు.

"పోలయ్య అంటే ఎవరు?"

"నేనే ప్రభూ," అన్నాడు నక్క.

"నేను కూడానండి," అన్నాడు దున్న మెల్లగా.

"ప్రభూ," అన్నాడు నక్క, "రిజిస్టర్లో ఎక్కడైనా దున్న అని రాసుందేమో అడగండి."

"రాయలేదు," అంది మంగాయమ్మ. "రాయకూడదని ఆర్డరు."

గున్నమ్మకి ఒళ్ళు మండింది. "నక్క వీపు మీద కుందేలు వాగు దాటిందంటే ఎవరు నమ్ముతారండీ? ఏ కుందేలుని నక్క తిరిగి గట్టున దింపింది?"

సభలో నవ్వులు పడ్డాయి. ఒక కుందేలుని సాక్ష్యానికి పిలిచారు.

"నన్ను దాటించింది ఎవరో నేను చూడలేదండి," అంది కుందేలు. "భయంతో కళ్ళు మూసుకున్నాను. వీపు మాత్రం వెడల్పుగా ఉంది."

"నాది అప్పట్లో వెడల్పే," అన్నాడు నక్క. "ప్రజాసేవలో చిక్కిపోయాను."

"పోనీ ఒక పరీక్ష పెడదామా? ఇద్దరినీ రేవులో నిలబెట్టి..." అన్నాడు సింహం.

"పెట్టండి ప్రభూ. కానీ పరీక్ష పెడితే రిజిస్టరు మీద అనుమానమున్నట్టు. రిజిస్టరు మీద అనుమానమంటే తమ ఆర్డరు మీద అనుమానమున్నట్టు. నాకైతే లేదు. దున్న గారికి ఉందేమో!"

"నాకూ లేదండి," అన్నాడు దున్న కంగారుగా.

"ఏమయ్యా ఎలుగుబంటీ, కప్పా, మీరేమంటారు?" అని సింహం అడిగాడు.

ఎలుగుబంటి పైకి చూశాడు. కప్ప కిందికి చూశాడు.

"సిగ్గుందా మీకు?" అంది గున్నమ్మ. "అన్నా, నీ చేత్తో నువ్వు ఇచ్చిన మందు కూడా నీది కాదా?"

ఎలుగుబంటి ఇంకా పైకి చూశాడు.

"అయితే నక్కకే ఇచ్చెయ్యండి," అన్నాడు సింహం. అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి.

మంగాయమ్మ వీపు నుంచి ముల్లు పీకింది. "రిజిస్టర్లో పోలయ్య పేరున ఉన్నవి అన్నీ అని రాయమంటారా, కొన్ని అని రాయమంటారా?"

"కొన్ని ఏమిటమ్మా!" అన్నాడు నక్క. "కొన్ని అంటే ఏవని మళ్ళీ అడుగుతారు. అన్నీ!"

"మాట మార్చకూడదు మరి. నాకు ముళ్ళు తక్కువగా ఉన్నాయి."

"అన్నీ అన్నీ అన్నీ!"

రాసింది. సింహం పంజా అద్ది ముద్ర వేశాడు. దున్న తలొంచుకుని ఇంటిదారి పట్టాడు. గున్నమ్మ వెనక నుంచి నెడుతూ ఏడుస్తూ వెళ్ళింది.

వాళ్ళటు పోగానే మంగాయమ్మ రిజిస్టరు తిరగేసింది. మంచి పనులు ముందువైపు, ఫిర్యాదులూ బాధ్యతలూ వెనకవైపు రాయడం ఆమె పద్ధతి. మెంబరయినా నక్క ఎప్పుడూ దాన్ని తెరిచి చూసినవాడు కాదు.

"తేనెటీగల ఫిర్యాదు," అని చదివింది. "పట్టులు పగలగొట్టుట, పోలయ్య. ఏడేళ్ళుగా ఏ పోలయ్యో తేలక ఆగిపోయింది. ఇప్పుడు తేలింది. నిద్ర చెడగొట్టుట, పోలయ్య. పిలిచిన రోగి ఇంటికి ఏ వేళనైనా వెళ్ళవలెను, పోలయ్య. వానలు పడిన రోజు నుంచి రేవులో నిలబడవలెను, పోలయ్య."

"వానలెప్పుడు పడతాయి?" అన్నాడు నక్క నీరసంగా.

"నిన్న పడ్డాయి."

ఆ సాయంత్రానికి నక్క రేవులో ఉన్నాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. గట్టున అడవిపంది, పెళ్ళాం, పదకొండుమంది పిల్లలు వరసగా నిలబడ్డారు.

"కొంచెం వంగండి మెంబరు గారూ," అంది అడవిపంది పెళ్ళాం. "పిల్లలకి ఎత్తుగా ఉంది."

"వంగితే మునుగుతానమ్మా!"

"పోనీ నిటారుగానే ఉండండి, దూకేస్తాం."

ముగ్గురు పిల్లలు దూకేసరికి నక్క మునిగాడు. తేలేసరికి పైన తేనెటీగల గుంపు. మళ్ళీ మునిగాడు. మళ్ళీ తేలేసరికి గట్టున కడుపు పట్టుకుని దుమ్ములగొండి.

"డాక్టరు గారూ, మూడు రోజులయింది, ఆగట్లేదు. అర్జంటుగా రండి."

"నేను డాక్టర్ని కాదురా నాయనా!"

"ముద్ర పడింది కదండీ!"

మూడోరోజు నక్క బూరెలా వాచిన మొహంతో ఆఫీసు మెట్లెక్కాడు. "అమ్మా, నేను పోలయ్యని కాదు. ఆ పేరున ఉన్న మంచీ వద్దు, చెడ్డా వద్దు, నీడా వద్దు. ఇవాళ్టి నుంచి నా పేరు గోవిందు. రాసుకో తల్లీ."

మంగాయమ్మ ఇంకో ముల్లు పీకింది.

మళ్ళీ సభ పెట్టారు. నక్క గోవిందైపోయాడు కాబట్టి నీడ ఇంకొక పోలయ్యకి ఇవ్వాలి. సభ మీద తేనెటీగలు నల్లటి మబ్బులా తిరుగుతున్నాయి.

"పోలయ్య ఎవరు?" అన్నాడు సింహం.

ఎలుగుబంటి తేనెటీగల వైపు చూసి చేతులు కట్టుకున్నాడు. "నన్ను మా ఇంట్లో చిట్టి అని పిలుస్తారండి."

"నాకసలు పేరే పెట్టలేదండి," అన్నాడు కప్ప.

గున్నమ్మ మొగుడి చెవి దగ్గర నోరు పెట్టింది. "నోరెత్తకు. నీడా వద్దు, ఏమీ వద్దు. ఈ మోకాళ్ళతో పరిగెత్తను కూడా లేవు. ఆ తేనెటీగలు కుట్టి చంపేస్తాయి."

"పిలిచింది నన్నే గదే," అన్నాడు దున్న. "పిలిస్తే పలక్కపోతే ఎట్లా?"

"మొన్న నేను పొమ్మంటే కదలవు. ఇవాళ వద్దంటే ఆగవు. నీతో నేనెలా వేగేది?"

దున్న కుంటుకుంటూ ముందుకొచ్చాడు. "నేనేనండి పోలయ్యని."

తేనెటీగల రాణి అతని ముక్కు మీద వాలింది. "మా తేనె తిన్నది నువ్వేనా?"

"నేను గడ్డి తింటానమ్మా. కానీ రిజిస్టర్లో ఉన్నది నా పేరే. కుట్టాలంటే కుట్టండి."

కుట్టాయి. దున్న తోలు ఎంత మందమో వాటికి తెలియదు. అతను కళ్ళు మూసుకుని, తుంపర పడుతున్నప్పుడు నిలబడినట్టు నిలబడ్డాడు. కాసేపటికి అవే అలిసిపోయాయి.

"ఏడేళ్ళకి న్యాయం జరిగింది," అంది రాణి. "రాసుకోండమ్మా, కేసు అయిపోయింది."

"మరి ఈయన నీడలో పడుకుంటే రేవులో ఎవరు నిలబడతారు?" అని కుందేలు అడిగింది.

మంగాయమ్మ రిజిస్టరు చూసింది. "నీడలో పడుకున్నవాణ్ణి లేపకూడదు. కొత్త పేర్లు మూడు. గోవిందు, చిట్టి, పేరులేనివాడు. ముగ్గురి పేజీలూ ఖాళీ. ఒక్క మంచి పని కూడా లేదు. ఖాళీ పేజీ వాళ్ళకి రేవు డ్యూటీ."

ఆ వానాకాలం రేవులో ఎలుగుబంటి నిలబడ్డాడు, అతని భుజం మీద నక్క నిలబడ్డాడు, కప్ప గట్టున కూర్చుని ఎక్కండి, దిగండి అని అరిచాడు. వైద్యం మాత్రం ఎలుగుబంటి మానలేదు. రేవు దాటేవాళ్ళ నాలుకలు చూసి అక్కడే మందు చెప్పేవాడు. అవన్నీ చిట్టి పేరున రాశారు.

నేరేడు చెట్టు కింద దున్నకి సన్మానం జరిగింది. గున్నమ్మ పక్కనే కూర్చుని, లేవకుండానే గడ్డి తింటూ, అదీ నీళ్ళూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి చూసి మురిసిపోయింది. సింహం లేచి రిజిస్టరు చూస్తూ మాట్లాడాడు.

"మన పోలయ్య గారు గొప్ప వైద్యులు. అంతకంటే గొప్ప గాయకులు. ఈ శుభ సమయంలో వారు మన కోసం ఒక పాట పాడాలని కోరుతున్నాను."

"నాకు పాట రాదండి," అన్నాడు దున్న.

"వినయం చూశారా!" అన్నాడు సింహం. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక తప్పక దున్న ఒకసారి గట్టిగా రంకె వేశాడు. నేరేడు పళ్ళు జలజలా రాలాయి. సభ అంతా కళ్ళు మూసుకుని తలలూపింది. గురువు గారి గొంతులో పూర్వపు జీర అలాగే ఉందని ముంగిస పక్కవాడితో అన్నాడు.

ఇందులో నీతి ఏమిటంటే, మనం మంచి పనులు చేస్తే చాలదు, మన పేరే పెట్టుకున్న ఇంకొకడు నాలుగు తప్పులు కూడా చేసి ఉండాలి. అప్పుడు గానీ మన మంచి మనకి మిగలదు.