కీచురాళ్ళకు ఉగ్గు

ఆ ఆదివారం పొద్దున్నే బసవపున్నయ్య మాస్టారు రోజు ఎలా నడవాలో ఒక చీటీ మీద రాసుకున్నారు. తొమ్మిదిన్నరకు కొత్తగూడెం బస్సులో డిప్యూటీ డీఈవో వెంకటరామారావుగారు దిగుతారు. పావుతక్కువ పదికి కాఫీ. పదింటికి ఆయన కళ్ళెదుట తొండ కీచురాయిని తింటుంది. పదింబావుకు సంతకం. ఇంతకంటే సులువైన రోజు ఉంటుందా అనుకుని చీటీ జేబులో పెట్టుకుని ముక్కు చీదుకున్నారు. నాలుగు రోజులుగా ఆయనకు పట్టిన జలుబు అలాంటిలాంటిది కాదు. చేతిలో అగరొత్తి వెలుగుతున్నా వాసన తెలియడం లేదు.

ఆ సంతకం సైన్సు గది కోసం. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న కంచెగూడెం హైస్కూలుకు సైన్సు గది లేదు. పదకొండేళ్ళుగా మాస్టారి ప్రయోగాలన్నీ వరండాలోనే. స్పిరిటు దీపం వెలిగిస్తే గాలికి ఆరిపోతుంది, కప్పను కోస్తే కాకి ఎత్తుకుపోతుంది. ఖమ్మం సైన్సు ప్రదర్శనకు ఏ స్కూలు ఎంపికైతే ఆ స్కూలుకే ఈ ఏడు గది అని కబురొచ్చింది. వచ్చే ఏడాదికి ఆయన రిటైరైపోతారు. ఒక్క ఏడాదైనా నాలుగు గోడల మధ్య నిలబడి సైన్సు చెప్పాలని ఆయన కోరిక. పాపం, పెద్ద కోరికేమీ కాదు.

ఎంచుకున్న అంశం ఆహారపు గొలుసు. అందులో కథానాయకుడు ఒక తొండ. పిల్లలు రాళ్ళతో కాలు విరగ్గొడితే మాస్టారే కట్టు కట్టి, భార్య భారతమ్మ పాలూ పెరుగూ పెట్టుకునే జాలీ బీరువా ఖాళీ చేయించి అందులో కాపురం పెట్టించారు. దాని తిండికి ఒక బానలో కీచురాళ్ళను పెంచుతున్నారు. పురుగు తిన్నదే తొండ ఒంటికి పడుతుందని, పురుగు చిక్కితే తొండా చిక్కుతుందని, కాబట్టి ముందు మేపవలసింది పురుగునని ఆయన సిద్ధాంతం. అందుకే రాగిపిండి, వేయించిన శనగపప్పు పొడి, మునగాకు, కోడిగుడ్డు పెంకుల పొడి, కాస్త బెల్లం కలిపి కీచురాళ్ళకు పెట్టేవారు.

“ఇంట్లో మనుషులకు చారు, పురుగులకు ఉగ్గా? ఎవరైనా వింటే నవ్విపోతారండీ” అనేది భారతమ్మ.

గడిచిన బుధవారం ఆవిడ సత్తుపల్లిలో అన్నగారింటికి వెళ్తూ వెళ్తూ బెల్లం అల్మారాకు తాళం వేసుకుపోయింది. తీపి లేకపోతే కీచురాళ్ళు ముట్టవు. ఏం చేయాలా అని మాస్టారు అరుగు మీద కూర్చుని ఉండగా, అడవి నుంచి చీపుళ్ళూ తేనే తెచ్చి అమ్మే రామక్క వచ్చింది. సంగతి విని, గంపలోంచి ఎండిన ఇప్పపువ్వు రెండు దోసిళ్ళు తీసి పోసింది.

“తియ్యగుంటది సారూ. మా ఇండ్లల్ల పిల్లలకు పెడ్తం, మంచి బలం. కానీ ఉడకబెట్టి సల్లార్పి పెట్టాలె. నానబోసి మూతి గిట్ల కట్టేవు, ఆగమైతది.”

“ఉడికితే విటమిన్లు పోతాయి రామక్కా” అని మాస్టారు చదువుకున్నవాడి నవ్వు ఒకటి నవ్వారు. ఆమె వెళ్ళగానే పువ్వును నానబోసి, పిండీ పొడీ కలిపి, కుండకు గుడ్డ కట్టి, చలికాలం కదా అని పొయ్యి పక్కన వెచ్చగా పెట్టారు. ఇప్పపువ్వు అలా నాలుగు రోజులు నానితే ఏమవుతుందో కంచెగూడెంలో అయిదేళ్ళ పిల్లవాడికి తెలుసు. మాస్టారికి తెలియదు. ఆయన బీఎస్సీ.

ఆదివారం ఆరింటికి ఆ కుండలోంచి గరిటెడు తీసి కీచురాళ్ళకు పెట్టారు. అవి ఎన్నడూ లేనంత ఇష్టంగా ఎగబడి తిన్నాయి. ఎనిమిదింటికి భారతమ్మ సత్తుపల్లి బస్సు దిగి, గడప దాటకముందే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఏమండీ, ఏంటీ వాసన?”

“ఏ వాసన?” అన్నారు మాస్టారు, నిజంగానే తెలియక.

ఆవిడ తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి కుండ మీద గుడ్డ లాగింది. లోపల నురుగు బుసబుసలాడుతోంది.

“నేను నాలుగు రోజులు ఊళ్ళో లేకపోతే ఇదా మీరు చేసే పని? ఏటా గాంధీ జయంతికి మైకు పట్టుకుని సారా మానండి నాయనా అని ఊరందరికీ చెప్పే మనిషి!”

“సారా ఏమిటే? అది ఉగ్గు!”

“ఎంత తాగారు?”

“నేను తాగలేదు. కీచురాళ్ళు తిన్నాయి!”

ముప్పై ఏళ్ళ కాపురంలో భారతమ్మ చాలా సాకులు విన్నది గానీ ఇలాంటిది వినలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడను సముదాయించబోతే మాట మాటకూ వాదన పెరిగి తొమ్మిదిన్నరయింది. బస్సు హారను మోగింది. మాస్టారు చెప్పులు తొడుక్కుంటూ ఉండగా వెనక నుంచి ఆవిడ స్కూలు అటెండరు పగిడయ్యకు పురమాయించడం వినపడింది.

“ఆ కుండ తీసుకుపోయి ఎవరి కంటా పడకుండా మోరీలో పారబోసి రా.”

“అమ్మో, పువ్వును మోరీల పొయ్యొద్దమ్మా! మా పెద్దోళ్ళు కోపం జేస్తరు. ఏదన్న చెట్టు మొదట్ల పోస్త” అన్నాడు పగిడయ్య. అతనిది అడవి పల్లె. ఆకలి కాలంలో కడుపు నింపిన పువ్వును మురికిలో పోయడం అతని ఇంటావంటా లేదు.

వెంకటరామారావుగారు పొడగరి. నవ్వగా చూసినవారు జిల్లాలో లేరు. మాస్టారింట్లో కాఫీ తాగి, నోటుబుక్కు తెరిచి, జాలీ బీరువా ముందు కుర్చీ వేయించుకున్నారు. మాస్టారు గుండె చిక్కబట్టుకుని మొదటి కీచురాయిని లోపలికి వదిలారు. అది రెండడుగులు పక్కవాటుగా నడిచి వెల్లకిలా పడుకుంది. తొండ దాన్ని గుటుక్కుమనిపించింది. తరవాత రెండోది, మూడోది, నాలుగోది. ఏదీ పారిపోయే ప్రయత్నం చేయలేదు.

“చాలా సాధువుగా ఉన్నాయే” అన్నారు అధికారి.

కాసేపటికి తొండ తల ఎర్రబడింది. మెడ ఎగరేస్తూ దండీలు తీసింది. పుల్ల మీదికి ఎక్కి, అట్టే ఆలోచించకుండా అక్కడి నుంచి పడిపోయింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పడింది.

“ఎప్పుడూ ఇలాగే పడుతుందా?”

“వ్యాయామం సార్” అన్నారు మాస్టారు.

సరిగ్గా అప్పుడే పక్కింటి ఆదెమ్మ రెండు చంకల్లో రెండు కోళ్ళతో లోపలికి దూసుకొచ్చింది. రెండింటి మెడలూ వేలాడుతున్నాయి.

“సారూ, నా కోళ్ళు వాలిపోయినయ్! కొక్కెర రోగమనుకున్న. రోగం గాదు. అగో, మీ తొండ మూతి జూడుర్రి ఎంత ఎర్రగున్నదో! గోడ అవుతల్నుంచి నా కోళ్ళ నెత్తురు పీల్చింది!”

“తొండ నెత్తురు పీల్చదు ఆదెమ్మా. అది మూఢనమ్మకం” అన్నారు మాస్టారు నీరసంగా.

“గట్లయితే నా కోళ్ళకు ఏమయింది?”

ఆదెమ్మ ఒక కోడిని కింద పెట్టింది. అది గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, అధికారిగారి బూటు మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఆయన వంగి దాని ముక్కు దగ్గర ముక్కు పెట్టారు. నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

“ఈ కోడి తాగి ఉంది.”

ద్వారబంధం దగ్గర నుంచి పగిడయ్య గొంతు వినిపించింది.

“నేనే సారూ. మునగచెట్టు మొదట్ల పోసిన. అది గోడ కిందికెళ్ళి అవుతలికి కారి, కోళ్ళు తాగినట్టున్నయ్. ఇప్పపువ్వు కుండ సారూ, నాలుగు దినాలు నానింది.”

భారతమ్మ కొంగులో ముఖం దాచుకుంది. మాస్టారికి ఇక దాచడానికేమీ మిగలలేదు. తాళం వేసిన అల్మారా, రామక్క చెప్పిన మాట, తాను నవ్విన నవ్వు, గుడ్డ కట్టిన కుండ అన్నీ వరసగా చెప్పేశారు. పదకొండేళ్ళ కోరిక తన చేతుల్తో తానే కుండలో కలుపుకున్నానని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

“నన్ను ఏమైనా అనండి సార్. గది మాత్రం పిల్లలకు ఇప్పించండి. ఇందులో వాళ్ళ తప్పు లేదు.”

వెంకటరామారావుగారు నోటుబుక్కు వైపు చూశారు. “అంటే ఆ పువ్వు ముద్ద తిన్నది కీచురాళ్ళు.”

“అవును సార్.”

“తొండకు మీరు విడిగా ఏమీ పట్టలేదు?”

“ఒట్టు సార్. కీచురాళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు.”

“అయినా దానికి ఎక్కింది.”

“ఎక్కింది సార్” అన్నారు మాస్టారు తలవంచుకుని. బీరువాలో తొండ మరోసారి పడింది.

“మాస్టారూ, పాతికేళ్ళుగా ఆహారపు గొలుసులు చూస్తున్నాను. అట్ట మీద గడ్డి, మిడత, కప్ప, పాము బొమ్మలు, మధ్యలో బాణాలు. కిందివాడు తిన్నది పైవాడి దాకా చేరుతుందని కళ్ళారా చూడటం ఇదే మొదలు” అంటూ అధికారి పెన్ను మూత తీసి ఎంపిక కాగితం మీద సంతకం పెట్టేశారు.

“మరి నా కోళ్ళ సంగతేంది?” అన్నది ఆదెమ్మ.

“అవి గొలుసులో ఇంకో కొమ్మ తల్లీ. సాయంత్రానికి మత్తు దిగుతుంది” అన్నారు అధికారి.

అలాగే దిగింది. మధ్యాహ్నం మూడింటికి కోళ్ళు లేచి, మరునాడు యథాప్రకారం గుడ్లు పెట్టాయి. తొండ మాత్రం మంగళవారం దాకా ఎవరి ముఖమూ చూడలేదు. భారతమ్మ ఆ రాత్రి చారు మానేసి గుత్తివంకాయ చేసింది. తప్పయిపోయిందని నోటితో అనలేదు గానీ, మాస్టారికి రెండోసారి వడ్డించేటప్పుడు నెయ్యి మామూలుకంటే ఎక్కువే పడింది. ఆయనకు అర్థమయింది, సంతోషంగా తిన్నారు.

నెల తిరిగేసరికి గది మంజూరు కాగితం వచ్చింది. మాస్టారు దాన్ని వరండాలో నిలబడి పిల్లలందరికీ గట్టిగా చదివి వినిపించారు. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు, పెంకుల కప్పు, నాలుగు కిటికీలు. అడుగున వెంకటరామారావుగారి చేతిరాతతో ఎర్రసిరాలో ఒకే ఒక్క షరతు ఉంది: ఈ గదిలో వంట చేయరాదు.