కమిషనరు గారి క్రాంక్ సెన్సరు

“ప్రజల గుమ్మం ముందుకు పాలన నడిచి వస్తుంది!” అని కమిషనరు గారు నిండు సభలో ప్రకటించారు. పాలన నడవగలదు గానీ కమిషనరు గారు నడవరు కనక, నడవాల్సింది ఆయన కారే. దాన్ని నడిపేవాడు డ్రైవరు. వెనక వీధి జనం తమ కుళాయిల్లో వస్తున్న పచ్చటి నీళ్లను సీసాల్లో పట్టుకుని, కమిషనరు గారిని నిలదీయడానికి కాచుకున్న ఆ ఉదయమే, ఆఫీసు ఆవరణలో కారు మొండికేసింది.

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజిను గిర్రున తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే తంతు! కారు దగ్గితే దానికి ఏ మందు వెయ్యాలో తనకొక్కడికే తెలుసని చెప్పుకునే మనిషి. మెట్ల మీద హెడ్ గుమాస్తా చూస్తున్నాడు. పరువు దక్కించుకోవాలిగా!

“ఆక్సిజన్ సెన్సరు పోయింది,” అన్నాడు గంభీరంగా.

ఆక్సిజన్ పోయిందనగానే గుమాస్తా రెండడుగులు వెనక్కి వేసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

కమిషనరు గారు బయటికి వచ్చారు. సంగతి విని బాధపడ్డారు. ఎంత బాధపడ్డారంటే, ముఖం వెలిగిపోయింది!

“అయ్యయ్యో! పాపం, జనం ఎదురుచూస్తుంటారే!”

“నడిచినా ఎంత దూరం సార్...” గుమాస్తా నోరు జారాడు.

“నేను నడిస్తే ఈ కుర్చీ గౌరవం ఏం కావాలయ్యా? మెకానిక్కుని పిలిపించు. నాకసలు బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు!”

మెకానిక్కు వచ్చి, స్టీరింగు కింద తన స్కానరు తగిలించి చూశాడు.

“క్రాంక్ సెన్సరు సార్. ఇంజిను తిరుగుతోందని కంప్యూటరుకి కబురు చెప్పేది అదే. కబురు అందకపోతే అది పెట్రోలు వదలదు.”

కింద జరిగేది పైకి తెలియక పనులు ఆగిపోవడం ఆ ఆఫీసులో ఎవరికీ వింతగా తోచలేదు.

“సెన్సరే పోయిందో, వైరు ఊడిందో చూస్తానుండండి,” అంటూ మెకానిక్కు బానెట్ మీద చెయ్యి వేశాడు.

“ఆగు!” కమిషనరు గారు గర్జించారు. “ప్రభుత్వ వాహనం! ముందు విచారణ, తరవాతే వైద్యం. ఏమయ్యా గుమాస్తా, డ్రైవరు నిర్లక్ష్యం వల్ల రాలేకపోతున్నానని ఆ వీధికి కబురు పంపు. రేపటినుంచి వీణ్ణి పనిలోకి రావద్దను.”

డ్రైవరు చేతులు జోడించాడు. “సార్, నిన్న సాయంత్రం దాకా గుర్రంలా పరిగెత్తింది! పసిబిడ్డలా చూసుకున్నాను సార్!”

“పిల్లల్ని పెంచే పద్ధతి ఇదా?” అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

డ్రైవరు మెట్టు మీద కూలబడ్డాడు. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? ఆక్సిజన్ సెన్సరంటే గుమాస్తా నమ్మాడు గానీ, పెళ్లాం నమ్మదే!

వెనక వీధికి కబురు చేరింది. అయితే అక్కడి వాళ్లకి కార్లు లేవు, కాబట్టి చెడిపోయే అవకాశమూ లేదు. అందరూ నడిచే బయల్దేరారు! కాసేపటికి ఓ ముసలావిడ ముందు నడుస్తుండగా, గేటు దగ్గర సీసాల గలగల వినిపించింది.

కిటికీలోంచి చూశారు కమిషనరు గారు. మెట్లు దిగారో, దూకారో! నేరుగా వచ్చి బానెట్ ఎత్తారు. వెతకలేదు, తడుముకోలేదు. ఇంజిను వెనక సందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఊడి వేలాడుతున్న వైరు ప్లగ్గుని దాని చోట నొక్కారు. టక్కుమంది!

“తియ్యవయ్యా బండి! వెనక గేటు నుంచి!”

డ్రైవరు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది!

మెకానిక్కు నోరు వెళ్లబెట్టాడు. “నాకైనా టార్చి లైటు లేందే ఆ సెన్సరు దొరకదే సార్!”

ఆయన వెనక సీట్లో కూలబడి, జిడ్డంటిన చేతిని రుమాలుతో తుడుచుకుంటున్నారు. డ్రైవరు అద్దంలోంచి ఆ చేతినే చూశాడు. బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదన్న మనిషి చెయ్యి!

ఇంతలో రెండో తలుపు తెరుచుకుంది. ముసలావిడ ఎక్కి ఆయన పక్కనే సర్దుకుని, సీసా ఒళ్లో పెట్టుకుంది.

“బండి బాగయిందిగా నాయనా! పద, మా వీధికి పోదాం.”

“దిగమ్మా, దిగు! నాకు అత్యవసర సమావేశం ఉంది!”

“ఎందుకు లేదూ? అక్కడే!”

డ్రైవరు తలుపుల లాక్ నొక్కాడు. “ఎటు సార్?” అని అడగడం అతని అలవాటు. ఆ రోజు అడగలేదు. ముసలావిడ వైపు తిరిగి వినయంగా అన్నాడు:

“దారి చెప్పమ్మా.”