ముందు ఫ్రేము, అద్దాలు తర్వాత

భవన అనుమతుల కార్యాలయంలో ప్లాన్లు పరిశీలించే అధికారి ముక్కు మీద ప్లాస్టిక్ ఫ్రేము కూర్చోవాలా, మెటల్ ఫ్రేము కూర్చోవాలా అన్న విషయం తేలేవరకు మిగతా పనులన్నీ యథావిధిగా జరుగుతాయని ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఆ అధికారిని ఊరంతా అంగుళం గారు అంటుంది. గుమ్మం అంగుళం తగ్గినా, పిట్టగోడ అంగుళం పెరిగినా ప్లాను వెనక్కి కొట్టడం ఆయనకు అన్నం తిన్నంత అలవాటు. ఆయన బల్ల మీద ప్లాను పెట్టినవాడు మనవల కాలానికైనా గృహప్రవేశం చేస్తే అదృష్టవంతుడే. అంతటి మహానుభావుడు ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, కుర్చీలో పెట్టుకున్న తన కళ్ళజోడు మీద తానే కూర్చున్నారు.

కళ్ళజోడు లేకపోతే ఆయనకు ఏనుగూ ఎడ్లబండీ ఒకటే. సరిగ్గా ఆ సమయానికే బల్ల మీద బడి పైఅంతస్తు ప్లాను ఉంది. ఆ బడిలోనే ఆయన మనవరాలు చదువుతోంది. అంతస్తు లేవగానే ఆ పిల్ల తరగతి పైకి మారుతుంది. "ఈ ఒక్క ప్లాను మాత్రం వెయ్యి కళ్ళతో చూస్తాను" అని ఇంట్లో మాటిచ్చి ఉన్నారు. తీరా ఉన్న రెండూ సెలవు పెట్టాయి.

కళ్ళజోళ్ళ దుకాణదారుడు రెండు ఖాళీ ఫ్రేములు చేతిలో పెట్టాడు. "పెట్టుకుని నాలుగు రోజులు తిరగండి సార్. ఏది నప్పితే దానికి అద్దాలు బిగిస్తా. అద్దాలదేముంది, చిటికెలో పని!"

ఆ కార్యాలయానికి ఒక సంప్రదాయం ఉంది. అక్కడ ఎవరు ఏం కొన్నా, గొడుగైనా, చెప్పులైనా, చివరికి అల్లుడైనా, అందరూ చూసి తలాడించాకే ఖాయం. కనుక ఫ్రేముల వ్యవహారం వెంటనే చర్చకు వచ్చింది. సూపరింటెండెంటు మెటల్ పక్షం. "సన్నటి బంగారు రంగులో హోదా ఉందండీ. మీరు నోరు తెరవకముందే జనం నమస్కారం పెడతారు." టైపిస్టు ప్లాస్టిక్ పక్షం. "లావుపాటి నల్ల ఫ్రేము పెడితే ఏమీ ఆలోచించకపోయినా ఆలోచిస్తున్నట్టే ఉంటారు సార్. ఈ ఆఫీసుకి అంతకంటే ఏం కావాలి?"

అందం తేలకపోవడంతో సుఖం గురించి ఉపసంఘం వేశారు. మెటల్ ఫ్రేము మెత్తలు ముక్కును రెండువైపులా గిల్లి గుర్తులు పెడుతున్నాయనీ, చెమట పట్టినప్పుడు పచ్చటి మరక కూడా ప్రసాదిస్తున్నాయనీ ఉపసంఘం కనిపెట్టింది. ప్లాస్టిక్‌ది ముక్కు మీద హాయిగానే కూర్చుంటుంది గానీ, వంగినప్పుడల్లా జారుడుబండ ఎక్కిన పిల్లాడిలా కిందికి వస్తుందనీ, దాని కాడలు చెవుల వెనక పగబట్టినట్టు నొక్కుతాయనీ కూడా తేల్చింది. ఈలోగా అంగుళం గారు పొద్దున ప్లాస్టిక్, మధ్యాహ్నం మెటల్ ధరించి అందరికీ దర్శనమిస్తూ ఉండాలని తీర్మానించారు. పుట్టి బుద్ధెరిగాక తన మొహాన్ని ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడటం ఆయనకు అదే మొదలు. కాదనబుద్ధి కాలేదు.

ఇంట్లో ఆవిడకు మాత్రం ఇదంతా మింగుడుపడలేదు. "అద్దాల్లేని కళ్ళజోడు పెట్టుకుని ఊరేగుతున్నారా? ఎవరైనా వేలు పెట్టి కంట్లో నలక తీస్తారు, జాగ్రత్త!"

"ఇది పరిశీలన దశేనే. తొందరపడకూడదు."

"మీ మొహానికి ఏదైనా ఒకటే గానీ, ముందు ఆ బడి ప్లాను చూడండి. రేపు ఆ మేడ ఎక్కేది మన పిల్ల."

"చూస్తానన్నానుగా! ముందు ఫ్రేము తేలనీ."

తేలేలోపు పనులు ఆగుతాయా? యథావిధిగా జరిగాయి. కనబడని తప్పును వెనక్కి కొట్టడం ఎలాగో తెలియక ఆయన సంతకాలు పెడుతూ పోయారు. ఒకాయన స్నానాలగది తలుపు నడివీధిలోకి తెరుచుకుంది. మరొకరి కిటికీ పక్కింటి వంటింట్లోకి తెరుచుకోగా, రెండు కుటుంబాలూ పోపు డబ్బా కలిపి వాడుకోసాగాయి. ఒక దుకాణానికి అసలు ద్వారమే లేదు. ఎలాగూ బేరాలు లేవు కనుక యజమాని దాన్ని పట్టించుకోలేదు. ఇన్ని అనుమతులు ఇంత వేగంగా రావడం చూసి పై అధికారి స్వయంగా విచ్చేసి శాలువా కప్పాడు. "ఫ్రేము ఇంకా ఖరారు కాకుండానే వీరి దృష్టి ఇంత విశాలమైతే, అయ్యాక ఏ స్థాయికి చేరుతుందో ఊహించడానికి నాకు మాటలు చాలడం లేదు" అంటూనే గంటసేపు మాట్లాడాడు.

ఆ శాలువా భుజం మీద ఉండగానే బడి యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇంతమందికి ఇచ్చి మాకే ఆపితే ఏం బాగుంటుంది సార్? మీ మనవరాలి బడే కదా!"

అంగుళం గారు ప్లాను మీదికి ముక్కు ఆనేంతగా వంగారు. ప్లాస్టిక్ ఫ్రేము జారి కాగితం మీద పడింది. ఒక మూలన మెట్లు మెట్లుగా ఏవో గీతలు లీలగా తోచాయి. 'మెట్లున్నాయి, చాలు' అని మనసుకు సర్దిచెప్పుకుని సంతకం చేశారు.

అంతస్తు లేచింది. ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే దుకాణదారుడు మొహమాటం విడిచి తన ఫ్రేములు తనకిమ్మనడంతో, అంగుళం గారు శాలువాకు జోడుగా ఉంటుందని మెటల్‌ది ఎంచుకుని అద్దాలు బిగించుకున్నారు. కార్యాలయానికి రాగానే మొట్టమొదట బడి ప్లాను తీసి చూశారు. మూలనున్నవి మెట్లు కావు, బడి యజమాని వంకరటింకర సంతకం.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు. బడి ముందు సభ నిండుగా ఉంది. పిల్లల్ని రంగులవాళ్ళ నిచ్చెన మీదుగా పైఅంతస్తుకు ఎక్కించి వరసగా నిలబెట్టారు. ఆ నిచ్చెన పట్టుకుని రంగులవాళ్ళు మరో ఊరి పనికి వెళ్ళిపోయారు. అంగుళం గారు వేదిక ఎక్కి మైకు లాక్కున్నారు.

"ఈ బడికి మెట్లు లేవండీ! నేను చూడకుండా సంతకం పెట్టాను. తప్పు నాదే. ముందు పిల్లల్ని దించండి!"

సభలో అందరూ ఆయన మొహంలోకే కళ్ళప్పగించి చూశారు. వెనకవరసలోంచి ఒక తండ్రి లేచాడు.

"అది సరేగానీ సార్, ఆ మెటల్‌ది ఎందుకు తీసుకున్నారు? మీకు ప్లాస్టికే బాగుండేది."

"ఏం బాగు, నా మొహం!" అంది ఒక తల్లి. "అన్నయ్యగారికి మెటల్‌లోనే కళ ఉంది. ఏదీ, కొంచెం ఇటు తిరగండన్నయ్యా."

అంగుళం గారు తిరిగారు.

కుర్చీలు రెండుగా చీలాయి. అధ్యక్షుడు లేచి, ఇంత ముఖ్యమైన విషయం కేకలతో తేలదనీ, క్రమశిక్షణతో చేతులెత్తాలనీ కోరాడు. పైనుంచి మనవరాలు పిట్టగోడ పట్టుకుని "తాతా, మేం దిగేదెలా?" అని అరిచింది. ఇక్కడ పెద్దవాళ్ళు ఓట్లు లెక్కపెట్టుకుంటుంటే ఆ గోలేమిటని అధ్యక్షుడు కసురుకున్నాడు.

ఇది రాసే సమయానికి రెండు పక్షాలూ సమానంగా ఉన్నాయి. పిల్లలు పైనే ఉన్నారు. ఒక్క ఓటు తక్కువైంది.

తమరెటు?