పొయ్యెక్కని కేకు

ఆమెకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: నలుగురిలో ఎవరో ఏదో అడగడం, అది తనకు తెలియకపోవడం, అప్పుడు అందరూ కలిసి "పోనీలే పాపం, చదువుకోలేదు కదా" అనడం. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన రోజు పుట్టిన ఆ భయం ఆమెతో పాటే పెరిగి పెద్దదై, ఆమెతో పాటే అత్తారింటికి వచ్చింది. ఇప్పుడు మూడేళ్ళ కూతురితో పాటు దాన్నీ సాకుతోంది.

ఆ రోజు సెలవు. సాయంత్రం ఐదింటికి అత్తింటివాళ్ళంతా ఆమె ఇంట్లో కలుస్తారు. కాలేజీలో పాఠాలు చెప్పే పెద్ద తోడికోడలు వారం కిందటే ఫోన్ చేసి, "నువ్వేం హైరానా పడకమ్మాయ్, తీపి నేను తెస్తాలే. చీజ్‌కేకులూ గట్రా మనవల్ల అయ్యేవి కావు" అంది. ఆ "మన"లో ఎవరున్నారో ఈమెకు తెలియదా? "లేదక్కా, నేనే చేస్తాను" అని నోరు జారింది. ఆ తర్వాత వారం రోజులూ కంటిమీద కునుకు లేదు.

తెల్లారుతూనే పని మొదలుపెట్టింది. ఫోన్లో చూసి చూసి బట్టీ పట్టినట్టే బిస్కెట్లు దంచి, కరిగిన వెన్న కలిపి, గుండ్రటి అచ్చులో గ్లాసు అడుగుతో అదిమింది. గంట ముందే బయట పెట్టి మెత్తబరిచిన చీజ్‌ని చక్కెర పొడితో గిలకొట్టి, నురగలా లేచిన క్రీము కలిపి, పైన పోసింది. చెర్రీలతో ఎనిమిది పువ్వులు, వాటికి చాక్లెట్ ఆకులు. చూసుకుని మురిసేలోపు కూతురు వచ్చి నడిమధ్యలో వేలు దిగేసింది. ఆ గుంటలో మరో చెర్రీ పెట్టి తొమ్మిదో పువ్వు చేసింది.

ఇక దానికి కావలసింది ఆరు గంటల చలువ. ఆమె మొగుడు ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. కాబట్టి ఇంట్లో ఐదు ఫ్రిజ్‌లున్నాయి, చల్లబడేవి రెండు. వంటింటిది కాలు విరిగి ఒక పక్కకు ఒరిగింది. అందులో పెడితే కేకు ఏటవాలుగా గడ్డకడుతుంది. రెండోది ముందు గదిలో ఉంది. బేకరీవాళ్ళది. నిన్ననే బాగై, పరీక్ష కోసం నడుస్తోంది. ఖాళీగా, నిటారుగా ఉంది. వాళ్ళు పట్టుకెళ్ళేది రేపు కదా అనుకుని కేకు అందులో పెట్టింది. మధ్యాహ్నం పిల్లను జోకొడుతూ నడుం వాల్చితే, వారం నాటి నిద్రంతా ఒక్కసారే వచ్చి మీద పడింది.

లేచేసరికి నాలుగు. ముందు గదిలో ఫ్రిజ్ ఉండాల్సిన చోట నలుపలకలుగా దుమ్ము గీత మాత్రం ఉంది.

"అత్తయ్యా, ఇక్కడి ఫ్రిజ్ ఏదీ?"

"బేకరీవాళ్ళ బండి ఓ రోజు ముందే వచ్చింది. నువ్వు పడుకున్నావని నేనే పంపించేశా" అంది అందరికన్నా ముందే మధ్యాహ్నం వచ్చిన అత్తగారు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ. "పడుకోబెట్టొద్దు, నిలబెట్టే తీసుకెళ్ళండి, లోపల కేకుంది అని మరీ మరీ చెప్పా."

"కేకుందని చూశారా!"

"చూడకేం, కళ్ళజోడు లేకపోతే మాత్రం కేకో కాదో తెలీదా?"

"మరి తీయలేదేం?"

"బేకరీవాళ్ళ ఫ్రిజ్‌లో కేకు గాక చెప్పులుంటాయా? ఒకరి సొమ్ము మనకెందుకమ్మా? తలుపు తెరుచుకోకుండా తాడు కట్టి పంపా."

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. మొగుడికి ఫోన్ చేసి, "ఏవండీ, కేకు ఫ్రిజ్‌తో సహా బేకరీకి వెళ్ళిపోయింది" అంటే, "అయ్యో, దానికి తలుపు రబ్బరు మార్చలేదే!" అని అతని ఏడుపు అతను ఏడ్చాడు.

పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది. బేకరీ ముందు బారు తీరి జనం. అందర్నీ తోసుకుంటూ వెళ్ళి, రొప్పుతూ, కళ్ళనీళ్ళతో, "ఇందాక ఫ్రిజ్‌లో వచ్చిన కేకు... ఎవరు తిన్నారది?" అంది.

కౌంటర్లో అమ్మాయి మొహం పాలిపోయింది. "సార్! మన కేకు తిని ఎవరికో ఏదో అయిందట!" అని లోపలికి కేక పెట్టింది. బారులోని వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మెల్లగా జారుకున్నారు. యజమాని చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"ఏ ఆస్పత్రమ్మా?"

"ఆస్పత్రి కాదండీ, ఆ కేకు నేను చేసింది."

"ఈ మాట పోలీసుల ముందైనా చెప్తారా?" అన్నాడతను, ఆశగా.

విషయం తేలడానికి పావుగంట పట్టింది. "చెర్రీ పువ్వుల కేకా? సారే తెప్పించారనుకుని అప్పుడే అమ్మేశాను" అంది కౌంటర్ అమ్మాయి. "ఎవరో మేడం. మా పేరున్న డబ్బా వద్దంది. తన వెంట తెచ్చుకున్న గాజు పళ్ళెంలో పెట్టించుకుంది." వేరే కేకంటూ ఒక్క ముక్క కూడా మిగల్లేదు. యజమాని రస్కుల పొట్లం ఒకటి పిల్ల చేతిలో పెట్టి, సాగనంపాడు.

ఇంటికొచ్చేసరికి అందరూ వచ్చేశారు. రస్కులు ప్లేటులో సర్ది, తల వంచుకుని బల్ల మీద పెట్టింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా ఎవరూ నమ్మని కథ అది. మొగుడు ఇంకా పనిలోంచి రాలేదు, అత్తగారేమో తన తప్పు బయటపడకుండా గబగబా రస్కులు పంచడం మొదలుపెట్టింది.

"పోనీలే పాపం, అందరికీ అన్నీ వస్తాయా" అన్నారు బావగారు, జాలిగా. వారం రోజులు ఏ మాటకు భయపడి నిద్ర మానుకుందో ఆ మాట అంత సులువుగా, రస్కు కొరుకుతూ అనేశారు.

అప్పుడు పెద్ద తోడికోడలు సంచీలోంచి గాజు పళ్ళెం తీసింది. "ఇలా అవుతుందనే నేను చేసి తెచ్చా. పొద్దుటినుంచీ దీంతోనే సరిపోయింది."

తొమ్మిది చెర్రీ పువ్వులు.

"అమ్మ కేకు!" అని పిల్ల ఎగిరింది.

"మీ అమ్మవి ఇవిగోనే" అంటూ ఆడపడుచు నవ్వుతూ దాని చేతికి ఓ రస్కు ఇచ్చింది. కేకు కోశారు, తిన్నారు, ఆహా అన్నారు. అత్తగారు రెండో ముక్క అడిగింది. ఈమె తన ముక్కను కూతురి నోట్లో పెట్టింది.

"వదినా, ఇంత నున్నగా ఎలా వచ్చింది? చెప్పు, రాసుకుంటా" అంది ఆడపడుచు.

"ఏముంది," అంది పెద్ద తోడికోడలు, "అన్నీ కలిపి నలభై నిమిషాలు ఓవెన్‌లో..."

"ఓవెన్‌లో పెడితే క్రీము కరిగిపోదూ? చెర్రీలు మాడలేదేం?"

పెద్ద తోడికోడలు కత్తి తీసుకుని, ఎవరూ అడక్కుండానే మరో ముక్క కోయబోయింది. నిజం ఈమె నాలుక చివరిదాకా వచ్చింది. అంటే వారం కసి తీరేది. కానీ నలుగురి మధ్యలో దొరికిపోబోయే మనిషి మొహం ఎలా ఉంటుందో ఈమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"ఓవెన్ బిస్కెట్ల వరకే వదినా" అంది ఆడపడుచుతో. "పైది అసలు పొయ్యెక్కదు. చీజ్ గంట ముందు బయట పెడితే ఉండలు కట్టదు, ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. అక్క నాకు ఫోన్లో అంతా చెప్పారు."

"అంత వివరంగా చెప్పినా చేయలేకపోయావన్నమాట" అంది ఆడపడుచు.

తర్వాత వంటింట్లో పెద్ద తోడికోడలు ఈమె చెయ్యి పట్టుకుంది. "ఇవన్నీ నీకెలా తెలుసు?"

"పొద్దున్న నేనే చేశాను కదక్కా. బేకరీవాళ్ళు మీకు అమ్మింది పొరపాటున."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "ఎవరితో అనకు" అంది. ఇంతలో ముందు గదిలోంచి బావగారి గొంతు ఖంగున వినిపించింది: "వచ్చే శనివారం మా ఆఫీసు విందుకు యాభై మంది! అప్పుడే ఫోన్ చేసి చెప్పేశా, కేకు మా ఆవిడే చేస్తుందని!"

"నేర్పమంటారా అక్కా?"

"అక్కర్లేదు. పుస్తకంలో చూసుకుంటాలే."

ఇవాళ శుక్రవారం. పొద్దుటినుంచి ఈమె ఆరుసార్లు ఫోన్ చేసింది, ఆవిడ ఎత్తడం లేదు. పిల్లకు జలుబు, కదలడానికి లేదు. మీలో ఎవరైనా ఆవిడ ఇంటివైపు వెళ్తుంటే కాస్త తలుపు తట్టి, ఆవిడ ఎలా ఉందో చూడండి. ఓవెన్ వెలుగుతుంటే ముందు దాన్ని ఆపండి.